సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ కామిక్స్: మళ్ళీ ఎక్కడ అందుకోవాలి?

సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించింది 1938 జూన్ తేదీతో వచ్చిన యాక్షన్ కామిక్స్ 1వ సంచికలో. 2018 ఏప్రిల్‌లో ఆ పత్రిక వెయ్యో సంచిక తెచ్చింది. అతని పేరుతో నడిచిన మిగతా పత్రికల్ని లెక్కలోకి తీసుకోకుండానే ఇంత ఉంది. చిన్నప్పుడు నాలుగు పుస్తకాలు చదివి వదిలేసి, ఇప్పుడు సినిమా చూసొచ్చాక మళ్ళీ చదవాలనుకునే వాళ్ళకి కర్నూల్లో ఉన్నా, కడపలో ఉన్నా, అనంతపురంలో ఉన్నా మొదట ఎదురయ్యే చిక్కు ఒకటే. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొట్టమొదటి సంచిక నుంచి మాత్రం వద్దు. వదిలేసిన చోటు నుంచీ వద్దు. ఈ రెండోదే చాలామంది చేసే పొరపాటు.

ఈ సంగతి మనకి భారతంలోనే ఉంది. నన్నయ అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో, శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయాడు. సుమారు రెండు వందల ఏళ్ళ తర్వాత తిక్కన ఆ పని చేపట్టినప్పుడు తెగిన చోట ముడి వేయలేదు. నేరుగా విరాటపర్వం అందుకున్నాడు. పాఠకుడికి అది చక్కటి గుమ్మం. ఊరు కొత్తది, పేర్లు కొత్తవి, చేసే కొలువులు కొత్తవి, పైగా బయటపడకుండా ఏడాది గడపాలన్న గడువు. పాండవుల పూర్వకథ తెలియని పిల్లవాడు కూడా కీచకుడి కథని పట్టుకోగలడు. 1885లో కడప జిల్లా సురభిలో పుట్టిన నాటక సమాజం తొలిగా ఆడింది కీచకవధే. మిగిలిపోయిన అరణ్యపర్వాన్ని తర్వాత ఎర్రన పూరించాడు. కావలసినవాళ్ళు వెనక్కి వెళ్ళి అది చదువుకోవచ్చు.

కామిక్స్‌లోనూ మనం వెతకాల్సింది అలాంటి విరాటపర్వాన్నే. అంటే పాత బాకీ లేని చోటు.

1 అంకెని నమ్మొద్దు

కవర్ మీద పెద్దక్షరాలతో 1 అని ఉంటే కథ అక్కడే మొదలైందనుకుంటాం. ఆ అంకె వెనక మూడు వేర్వేరు సంగతులు ఉండొచ్చు.

మొదటిది, అంకె మాత్రమే మారడం. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 1963లో మొదలైంది. 1999, 2014, 2015, 2018, 2022, 2025ల్లో మళ్ళీ 1 నుంచి లెక్క వేసుకుంది. స్పైడర్‌మ్యాన్‌గా తిరిగే పీటర్ పార్కర్ జీవితం మాత్రం ఒక్కటే, సాగుతూనే ఉంది. 1 అని వేస్తే దుకాణాలు ఎక్కువ కాపీలు తెప్పించుకుంటాయి కాబట్టి ఇది ప్రచురణకర్త లెక్క, కథ లెక్క కాదు. స్పైడర్‌మ్యాన్‌ని ప్రచురించే మార్వెల్ తన ప్రధాన ప్రపంచాన్ని 1961 నుంచి పూర్తిగా చెరిపి రాసింది లేదు. పాత సంఘటనల కాలాన్నే ముందుకు జరుపుకుంటూ వస్తోంది.

రెండోది, ప్రపంచమే మారడం. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్‌లని ప్రచురించే డీసీ ఆ పని పెద్ద ఎత్తున రెండుసార్లు చేసింది, 1986లో ఒకసారి, 2011లో ఒకసారి. మూడోది, పాతదాన్ని అలాగే ఉంచి పక్కన ఇంకో ప్రపంచం కట్టడం. మార్వెల్ 2000లో మొదలుపెట్టిన అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్, డీసీ 2024లో మొదలుపెట్టిన అబ్సొల్యూట్ పుస్తకాలు ఈ రకం.

అంకె మారకుండా కథ మొదటికొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఫ్రాంక్ మిల్లర్ రాసి డేవిడ్ మాజుకెల్లి బొమ్మలు వేసిన బ్యాట్‌మ్యాన్: ఇయర్ వన్ 1987లో వచ్చింది. బ్రూస్ వేన్ బ్యాట్‌మ్యాన్ ముసుగు తొడిగిన తొలి ఏడాది కథ అది. వచ్చిన సంచికలు మాత్రం 404 నుంచి 407. బ్యాట్‌మ్యాన్ చదవడానికి ఇంతకంటే మంచి మొదలు ఇప్పటికీ లేదు. 404 అంకె చూసి భయపడి పక్కన పెట్టేవాళ్ళు ఎంత మంచి కథ పోగొట్టుకుంటారో!

1986 గుమ్మం

ఎందుకు చెరిపారో తెలిస్తే ఎక్కడ చదవాలో తెలుస్తుంది. 1956లో డీసీ మెరుపు వేగంతో పరిగెత్తే తన పాత వీరుడు ఫ్లాష్‌ని వదిలి, బ్యారీ అలెన్ అనే కొత్త ఫ్లాష్‌ని తెచ్చింది. 1961లో ఫ్లాష్ 123వ సంచికలో ఆ పాత ఫ్లాష్ ఇంకో భూమ్మీద బతికే ఉన్నాడని చెప్పింది. అక్కడినుంచి భూములు పెరుగుతూ పోయాయి. ఏ భూమ్మీద ఏ సూపర్‌మ్యాన్‌కి పెళ్ళయిందో, ఎవరికి వయసు మళ్ళిందో గుర్తుంచుకోవడం పాఠకుడికి భారమైంది. 1985–86లో మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్ పన్నెండు సంచికల క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్‌తో ఆ భూములన్నిటినీ ఒక్కటి చేశారు.

కొత్త లెక్క అక్కడే మొదలైంది కదా అని చాలామంది క్రైసిస్‌నే ముందు కొంటారు. పది పేజీలు తిరక్కముందే వదిలేస్తారు. తప్పు వాళ్ళది కాదు. అది మొదలు కాదు, ముగింపు. వందల పాత్రలు వచ్చిపోతాయి. 7వ సంచికలో సూపర్‌గర్ల్, 8వ సంచికలో బ్యారీ అలెన్ ప్రాణాలొదులుతారు. వాళ్ళతో ముందు పరిచయం లేకపోతే ఆ చావులు మనసుకి తాకవు. ఉద్యోగపర్వం చదవకుండా నేరుగా యుద్ధపర్వాల్లో దిగితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

క్రైసిస్‌ని పక్కనపెట్టి, దాని తర్వాత వచ్చినవాటిని పట్టుకోండి. సూపర్‌మ్యాన్‌కి జాన్ బర్న్ 1986లో రాసి గీసిన ది మ్యాన్ ఆఫ్ స్టీల్, ఆరు సంచికలు. ఇక్కడ క్లార్క్‌కి, అంటే సూపర్‌మ్యాన్‌కి, సూపర్‌బాయ్‌గా గడిపిన బాల్యం లేదు. పెంచిన అమ్మానాన్నలు ఇంకా బతికే ఉన్నారు. అతని శత్రువు లూథర్ జైలు నుంచి తప్పించుకు తిరిగే పిచ్చి శాస్త్రవేత్త కాదు, నగరమంతా గౌరవించే కోటీశ్వరుడు. పుట్టిన గ్రహం క్రిప్టాన్‌నుంచి మిగిలింది క్లార్క్ ఒక్కడే. ఆరు సంచికల మధ్య ఏళ్ళకు ఏళ్ళు గడిచిపోతాయి కాబట్టి, ప్రతి సంచిక మొదట్లో ఎంత కాలం దాటిందో చూసుకుంటూ చదవాలి. ఆ తర్వాత 1987 జనవరి తేదీతో మూడు పత్రికలు ఒకేసారి సాగుతాయి: సూపర్‌మ్యాన్ కొత్త 1వ సంచిక, అడ్వెంచర్స్ ఆఫ్ సూపర్‌మ్యాన్ 424, యాక్షన్ కామిక్స్ 584. మూడూ ఒకే ప్రపంచం. ఒకదాని మీద 1, ఇంకోదాని మీద 424, మరోదాని మీద 584 ఉన్నందుకు తికమక పడొద్దు. వండర్ వుమన్‌కి జార్జ్ పెరెజ్ 1987లో మొదలుపెట్టిన 1వ సంచిక ఉంది. గ్రీకు పురాణంలోంచి నేరుగా మొదలవుతుంది కాబట్టి కొత్తవాళ్ళకి బాగా ఎక్కుతుంది.

ఈ గుమ్మంలో మూడు చోట్ల కాలికి రాయి తగులుతుంది. లీజన్ ఆఫ్ సూపర్‌హీరోస్ అనే భవిష్యత్తు జట్టుకి ప్రేరణ సూపర్‌బాయే. సూపర్‌బాయ్‌నే తీసేశాక ఆ జట్టు ఎలా పుట్టినట్టు? 1987లో ఒక చిన్న ప్రపంచాన్ని కల్పించి సర్దుబాటు చేశారు. అలాగే, వండర్ వుమన్ 1987లోనే కొత్తగా వచ్చిందంటే, ఎన్నో ఏళ్ళుగా టీన్ టైటాన్స్ అనే కుర్రవీరుల జట్టులో ఉన్న, పాత కథలో వండర్ వుమన్ కాపాడిన డోనా ట్రాయ్‌ని పసితనంలో మంటల్లోంచి కాపాడింది ఎవరు? 1988–89లో న్యూ టైటాన్స్ 50–54 సంచికల్లో దానికి కొత్త జవాబు రాశారు. అన్నిటికంటే పెద్ద చిక్కు రెక్కల వీరుడు హాక్‌మ్యాన్. 1989 తర్వాత అతని పాత కథలూ కొత్త కథలూ ఒకదానితో ఒకటి పొసగవు. 2001లో జేఎస్‌ఏ (జస్టిస్ సొసైటీ అనే జట్టు పత్రిక) 23–25 సంచికలు ఆ ముడిని చాలావరకు విప్పాయి. మొదటిసారి చదివేవాళ్ళు ఈ ముగ్గురినీ పక్కన పెట్టేసినా సూపర్‌మ్యాన్ కథకి లోటేమీ రాదు.

ఇంకో జాగ్రత్త. 1991 నుంచి సూపర్‌మ్యాన్ పత్రికలు నాలుగయ్యాయి, కథ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వారం వారం నడిచింది. ఒక్క పత్రికనే పట్టుకుంటే నాలుగు అధ్యాయాల్లో ఒకటే చేతికొస్తుంది. అందుకే కవర్ మీద చిన్న త్రిభుజంలో ఇంకో అంకె వేశారు. పెద్ద అంకె ఆ పత్రికది, త్రిభుజంలోది చదవాల్సిన వరుస. పాత సంచికలు పోగేసుకునేవాళ్ళు త్రిభుజాన్ని చూసి పేర్చుకోవాలి. 1993 జనవరి తేదీతో ఉన్న సూపర్‌మ్యాన్ 75లో అతను డూమ్స్‌డే అనే రాక్షసుడి చేతిలో నేలకూలతాడు. ఆ ఒక్క సంచికనే కొని చదివితే చివరి దెబ్బలు తప్ప ఏమీ అర్థం కావు.

2011, ఆ తర్వాత

2011లో ఐదు సంచికల ఫ్లాష్‌పాయింట్‌తో డీసీ మళ్ళీ చెరిపింది. ఆగస్టు 31న జస్టిస్ లీగ్ 1, సెప్టెంబరులో మొత్తం 52 పత్రికలు. వీరులు వచ్చి ఐదేళ్ళే అయిందన్నారు. సూపర్‌మ్యాన్‌ని పూర్తిగా మార్చి, బాగా అమ్ముడవుతున్న బ్యాట్‌మ్యాన్, గ్రీన్ లాంటర్న్ కథల్ని దాదాపు అలాగే ఉంచారు. అసలు చిక్కు అక్కడుంది. ఐదేళ్ళలో బ్యాట్‌మ్యాన్‌కి రాబిన్ పేరుతో నలుగురు కుర్ర సహాయకులు, వాళ్ళలో ఒకడు పదేళ్ళ కొడుకు! ఆ లెక్క తేలదు. తేల్చుకోవాలని కూర్చోవద్దు. సూపర్‌మ్యాన్ సంగతి ఇంకా కష్టం. ఒకే నెలలో మొదలైన రెండు పత్రికల్లో యాక్షన్ కామిక్స్ కొన్నేళ్ళ వెనకటి కథ, సూపర్‌మ్యాన్ ఇప్పటి కథ. ఒకదాని వెంట ఒకటి చదివితే చొక్కా దగ్గర్నుంచి స్వభావం దాకా ఏదీ కలవదు.

కాబట్టి 2011 గుమ్మంలోంచి బ్యాట్‌మ్యాన్ కోసమే వెళ్ళండి. స్కాట్ స్నైడర్, గ్రెగ్ కపుల్లోల బ్యాట్‌మ్యాన్ 1–11 సంచికలు గుడ్లగూబల రహస్య సభ కథ. తొలి సంచికలోనే బ్యాట్‌మ్యాన్ కంట్లో పెట్టుకున్న లెన్స్ ఎదుట నిలిచినవాళ్ళెవరో పేరుతో సహా చూపిస్తుంది. కొత్త పాఠకుణ్ణి మనసులో పెట్టుకుని రాసిన రచయిత చేసే పని అది. శత్రువులు కూడా ఈ కథలోనే పుట్టినవాళ్ళు, వెనక బాకీ లేదు.

2016లో వచ్చిన 80 పేజీల రీబర్త్ ప్రత్యేక సంచికని మొదలనుకోకండి. బ్యారీ అలెన్ తర్వాత ఫ్లాష్ అయిన వాలీ వెస్ట్ తిరిగి రావడం చూసి పాత పాఠకులు కంటతడి పెట్టుకోవాలని రాసింది అది. అదే ఏడాది పీటర్ టొమాసి, పాట్రిక్ గ్లీసన్ మొదలుపెట్టిన సూపర్‌మ్యాన్ 1–6 మాత్రం మంచి గుమ్మం. భార్య, పదేళ్ళ కొడుకు జోనాథన్, పల్లెటూళ్ళో పొలం ఉన్న సూపర్‌మ్యాన్. ఒక్క వాక్యం తెలిస్తే చాలు: ఈ ప్రపంచపు సూపర్‌మ్యాన్ చనిపోయాడు, 2011కి ముందున్న పాత సూపర్‌మ్యాన్ కుటుంబంతో సహా ఇక్కడే దాక్కుని ఉండి ఆ స్థానంలోకి వచ్చాడు. 17 దాకా సాఫీగా వెళ్తుంది. 18 దగ్గర ఆగి, సూపర్‌మ్యాన్ 18, యాక్షన్ కామిక్స్ 975, సూపర్‌మ్యాన్ 19, యాక్షన్ కామిక్స్ 976 ఈ వరుసలోనే చదవాలి. రెండు జీవితాల్ని ఒకటిగా కలిపేది ఈ నాలుగే. ఒకటి తప్పినా తర్వాతి సంచికల్లో ఎవరికి ఏది గుర్తుందో తెలియదు.

ఇప్పటి ప్రధాన ప్రపంచంలోకి తొందరగా రావాలంటే 2023 ఫిబ్రవరిలో జాషువా విలియమ్‌సన్ మొదలుపెట్టిన సూపర్‌మ్యాన్ 1 సరిపోతుంది. లూథర్ జైల్లో ఉండి తన కంపెనీని సూపర్‌మ్యాన్ చేతిలో పెడతాడు. మొదటి పేజీల్లోనే పరిస్థితి అంతా తేటతెల్లం.

పాత బాకీ ఒక్క పైసా కూడా వద్దనుకుంటే 2024 అక్టోబరులో మొదలైన అబ్సొల్యూట్ బ్యాట్‌మ్యాన్. స్నైడర్ రచన, నిక్ డ్రగొట్టా బొమ్మలు. బ్రూస్‌కి కోట్లు లేవు, భవంతి లేదు, అమ్మ బతికే ఉంది. మొదటి సంపుటిలో 1–6 సంచికలు. దానికి ముందు వచ్చిన ఆల్ ఇన్ ప్రత్యేక సంచిక ఆ ప్రపంచం ఎలా పుట్టిందో చెబుతుంది కానీ, దాన్ని తర్వాత చదివినా నష్టం లేదు.

మొదటి నెల చదవాల్సిన కొలత

బ్యాట్‌మ్యాన్‌కి: ఇయర్ వన్ నాలుగు సంచికలు, జెఫ్ లోబ్, టిమ్ సేల్‌ల ది లాంగ్ హాలోవీన్ పదమూడు, గుడ్లగూబల కథ పదకొండు. మొత్తం 28. రోజుకొకటి చొప్పున నాలుగు వారాలు. ఇయర్ వన్‌లో కనిపించే ఫాల్కనీ నేరగాళ్ళ ముఠా, పోలీసు అధికారి గోర్డన్, న్యాయవాది హార్వీ డెంట్‌ల కథే లాంగ్ హాలోవీన్‌లో ముదురుతుంది కాబట్టి ఆ వరుస తప్పొద్దు.

సూపర్‌మ్యాన్‌కి: మ్యాన్ ఆఫ్ స్టీల్ ఆరు, 2016 నాటి 1–6, ఆపైన 2023 నాటిది. ఇక్కడ ఒక గొయ్యి ఉంది. సూపర్‌మ్యాన్ పుట్టుక కథని డీసీ 1986లో ఒకసారి, 2003–04లో బర్త్‌రైట్ పేరుతో పన్నెండు సంచికల్లో ఇంకోసారి, 2009–10లో సీక్రెట్ ఆరిజిన్ పేరుతో ఆరు సంచికల్లో మరోసారి చెప్పింది. మూడూ వరుసగా చదివితే మూడుసార్లు క్రిప్టాన్ పేలుతుంది, మూడు రకాల లూథర్లు ఎదురవుతారు. మొదట్లో ఒక్కటే చదవండి.

ఏ వరుసలోనూ లేని ఆల్‌స్టార్ సూపర్‌మ్యాన్ గురించి విడిగా చెప్పాలి. గ్రాంట్ మారిసన్, ఫ్రాంక్ క్వైట్లీల పన్నెండు సంచికలు, 2005–08. ఒంటిమిట్టవాళ్ళు తమవాడని చెప్పుకునే పోతన భాగవతాన్ని మనలో ఎవరూ ప్రథమ స్కంధం నుంచి మొదలుపెట్టం. ఎనిమిదో స్కంధంలోని గజేంద్రమోక్షంతోనే పరిచయం. ఆల్‌స్టార్ అలాంటిది, ఒంటరిగా నిలబడుతుంది, మనసు నింపుతుంది. 2025 జులై 11న విడుదలైన సూపర్‌మ్యాన్ సినిమా దర్శకుడు జేమ్స్ గన్ తనకి స్ఫూర్తి అని చెప్పింది దీన్నే. అయితే సినిమా కథ ఇందులో ఉంటుందని వెతకొద్దు. సినిమాల వరుస వేరు, పుస్తకాల వరుస వేరు.

కొనేముందు

సూపర్‌మ్యాన్ 1 అనే సంచికలు 1939, 1987, 2011, 2016, 2018, 2023ల్లో వచ్చాయి. బ్యాట్‌మ్యాన్ 1లు 1940, 2011, 2016, 2025ల్లో ఉన్నాయి. అందుకని పేరొక్కటే కొట్టి ఆర్డర్ పెడితే వేరేది ఇంటికొస్తుంది. పేరు, ఏడాది, రచయిత ఈ మూడూ కలిపి వెతకండి. వెన్ను మీద వాల్యూం 1 అని ఉన్నది ఆ రచయిత తొలి సంపుటి కావచ్చు, కథ తొలి సంపుటి కాకపోవచ్చు.

పుస్తకం చేతిలో ఉంటే ముందు కాపీరైట్ పేజీ తెరవండి. అందులో ఏ సంచికలు చేర్చారో చిన్న అక్షరాల్లో ఉంటుంది. 1–6 అని తెగకుండా ఉంటే మంచిది. 1–4, 7 అని మధ్యలో తెగితే ఆ 5, 6 ఇంకో పుస్తకంలోకి వెళ్ళాయన్నమాట. అది కూడా కొనే ఉద్దేశం లేకపోతే వదిలేయండి. అక్కడ కథ తొలిసారి వచ్చిన ఏడాదిని చూడండి, పునర్ముద్రణ ఏడాదిని కాదు. పాత సంచికల కవర్ మీద నెల కూడా నిజంగా అమ్మకానికొచ్చిన నెల కంటే సాధారణంగా రెండు నెలలు ముందుకి ఉంటుంది.

ఆన్‌లైన్‌లో అయితే పేజీల సంఖ్య, భాష చూడాలి. 40 పేజీల లోపు ఉంటే అది ఒక్క సంచిక, సంపుటి కాదు. ఆరు సంచికల సంపుటి 130 నుంచి 180 పేజీల దాకా వస్తుంది. ఫాక్సిమిలీ ఎడిషన్ అంటే పాత సంచికని అప్పటి ప్రకటనలతో సహా మళ్ళీ అచ్చేసిన ఒక్క సంచిక. స్పానిష్, ఇటాలియన్ ముద్రణలు కూడా అదే కవర్‌తో కనిపిస్తాయి, జాగ్రత్త. డీసీ 2024 నుంచి వేస్తున్న కాంపాక్ట్ పుస్తకాలు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తుతో చిన్నవి, చౌక. గుడ్లగూబల కథ, ఆల్‌స్టార్ రెండూ ఆ సైజులో ఉన్నాయి. అక్షరం చిన్నది కాబట్టి కళ్ళద్దాలు ఉన్నవాళ్ళు పెద్ద సైజే తీసుకోవడం మేలు.

పాత పుస్తకాలకి కర్నూలువాళ్ళకి హైదరాబాద్ ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్, అనంతపురంవాళ్ళకి బెంగళూరు చర్చి స్ట్రీట్ అనువు. వెళ్ళేముందు కావలసిన సంచికల అంకెలు కాయితం మీద రాసుకోండి. పిన్నులు కొట్టిన సంచికలో మధ్య కాయితం ఊడిపోయి ఉండొచ్చు, అది పోతే నాలుగు పేజీల కథ పోయినట్టే. సరిగ్గా మధ్యకి తెరిచి చూడాలి. జిగురు అంటించిన సంపుటి అయితే నడుమ తెరిచినప్పుడు చిటపటమంటే జిగురు ఎండిపోయింది, రెండు చదువులకి విడిపోతుంది. మన ఎండలకి రేకుల కింద అటక మీద పెట్టిన పుస్తకానికీ అదే గతి. లోపలి గదిలో, గోడకి ఆనకుండా, నిలువుగా పెట్టండి.

చదివేటప్పుడు

తెలియని పుస్తకం దొరికితే మొదటి సంచిక 22 పేజీలతోనే తేల్చవచ్చు. ఈ సంచికలోనే నాయకుడికి ఏం కావాలో తెలిసిందా? ఎదిరి ఎవరో ఇక్కడే పరిచయమయ్యాడా, లేదా ఒక్క మాటలో చెప్పారా? మూడు కంటే ఎక్కువ పాత సంఘటనలు తెలిస్తే తప్ప కథ నడవట్లేదా? చివరిదానికి అవునని జవాబొస్తే అది అరణ్యపర్వం మధ్య భాగం, మూసేయండి.

పేజీ అడుగున చుక్కగుర్తుతో ఫలానా సంచిక చూడండి అని ఉంటే, వెనక్కి పరిగెత్తొద్దు. నోటుపుస్తకంలో రాసుకుని ముందుకు సాగండి. మూడుసార్లు అదే సంచిక పేరు వస్తే అప్పుడు దాన్ని వెతకండి. కవర్ మీద ఏదో పెద్ద సంగ్రామంలో మూడో భాగం అని పడితే, మీ పత్రికలో ఉన్న భాగం వరకే చదివి దాటేయండి. రచయిత మంచివాడైతే తర్వాతి సంచికలో రెండు మాటల్లో సారం చెబుతాడు.

ముప్ఫై నలభై సంచికలు అయ్యాక ఎర్రన పని మొదలుపెట్టవచ్చు. ముందు ఫ్లాష్ 123. తర్వాత క్రైసిస్ పన్నెండు సంచికలు, దానికి ముడిపెట్టి వేరే పత్రికల్లో వచ్చిన టై-ఇన్‌లు అక్కర్లేదు. దాని తర్వాత అలన్ మూర్ రాసి కర్ట్ స్వాన్ గీసిన పాత సూపర్‌మ్యాన్ వీడ్కోలు, 1986 సెప్టెంబరు తేదీతో సూపర్‌మ్యాన్ 423లో సగం, యాక్షన్ కామిక్స్ 583లో సగం. ఆ 583 మూసి పక్కన పెట్టి, అదే పత్రిక తర్వాతి అంకె 584 తెరిస్తే, అందులో ఉన్నది బర్న్ సూపర్‌మ్యాన్.